రీలు నాలుక లోపలికి పోతే ఏం చేయాలి?



కెమెరా రీలు అంటే ఇప్పుడు ఆరో తరగతి, ఏడో తరగతి చదువుతున్న తమ్ముళ్లలో చాలామందికి తెలియదు. కొందరు దాన్ని చేతిలో పెడితే బ్యాటరీ అనుకున్నారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు పుట్టేనాటికే సెల్‌ఫోనుతో ఫోటోలు తీయడం మొదలైపోయింది. కానీ మన అన్నల ఇళ్లలో, అటకల మీద, హాస్టల్ రోజుల నాటి ట్రంకు పెట్టెల అడుగున, సర్టిఫికెట్ల ఫైలు కింద కడిగించని రీళ్లు ఇంకా ఉన్నాయి. గత ఏడాది ఈ సంచిక కోసం పాత ఫోటోలు పంపమని అడిగినప్పుడు మాకు ఫోటోలకంటే ముందు రీళ్లే వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం కొన కనిపించకుండా పూర్తిగా లోపలికి చుట్టుకుపోయినవి. అటువంటి రీలును ఏం చేయాలో తెలియక కొందరు డబ్బా పగలగొట్టి చూస్తున్నారు. పగటి వెలుతురులో డబ్బా తెరిచిన క్షణాన లోపలున్నదంతా పోతుంది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా రీలు ఎలా ఉంటుందో చూద్దాం. మనం మాట్లాడుకునేది 35 మిల్లీమీటర్ల రీలు గురించి. ఈ సైజు ఫిల్మును ముందు సినిమాకు వాడేవారు. దాన్ని చేతిలో ఇమిడే కెమెరాలో పెట్టి జనంలోకి తెచ్చింది జర్మనీలో ఆస్కార్ బర్నాక్ తయారుచేసిన లైకా కెమెరా, 1925లో. అప్పట్లో చీకటి గదిలో కూర్చుని ఫిల్మును ఎవరికి వారే డబ్బాలో చుట్టుకోవాల్సి వచ్చేది. 1934లో కొడాక్ కంపెనీ ముందే చుట్టి ఉంచిన డబ్బాను అమ్మడం మొదలుపెట్టింది. కొనుక్కో, కెమెరాలో వేసుకో, అయిపోయాక ఇచ్చెయ్. ఇవాళ్టికీ అంగళ్లలో దొరికేది ఆ డబ్బాయే.

డబ్బా మధ్యలో ఒక ప్లాస్టిక్ కడ్డీ ఉంటుంది. దాని ఒక చివర డబ్బాలోంచి బయటికి పొడుచుకొని వస్తుంది, రెండో చివర గుంటగా ఉంటుంది. ఫిల్ము లోపలి కొనను ఆ కడ్డీకి బిగించి, మిగతాదంతా దాని చుట్టూ చాప చుట్టినట్టు చుడతారు. 36 ఫోటోల రీలులో ఫిల్ము సుమారు 1.6 మీటర్ల పొడవుంటుంది. ఒక్కో ఫోటో 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. ఫోటోకూ ఫోటోకూ మధ్య సందుతో కలిపి లెక్కేస్తే ఒక్కోదానికి 38 మిల్లీమీటర్లు, అంటే అంచులో ఎనిమిది చిల్లులు. లెక్కల మీద ఇష్టమున్న తమ్ముళ్లు 36ని 38తో గుణించి చూడండి, 1.6 మీటర్లలో ఇంకా కొంత మిగులుతుంది. ఆ మిగిలిన దాంట్లోనే ఈ వ్యాసానికి కావలసిన విషయం ఉంది.

డబ్బాకు పక్కన సన్నని చీలిక ఉంటుంది, దాన్ని మూతి అందాం. మూతికి రెండు పెదవుల్లాగా నల్లటి వెల్వెట్ గుడ్డ అంటించి ఉంటుంది. ఫిల్ము దాని మధ్యలోంచి జారుతుంది కానీ వెలుతురు జారదు. కొత్త రీలు కొన్నప్పుడు ఈ మూతిలోంచి కొంచెం ఫిల్ము బయటికి వచ్చి ఉంటుంది, సగం వెడల్పుకు కత్తిరించి నాలుకలాగా. ఇంగ్లీషువాళ్లు దీన్ని లీడర్ అంటారు. మన హాస్టల్లో లీడరంటే మెస్ లీడరు ఒక్కడే కాబట్టి మేము దీన్ని నాలుక అనే రాస్తాం. కెమెరాలో ఆ నాలుకను రెండో పక్కనున్న కడ్డీలో దూర్చి తిప్పితేనే ఫిల్ము ముందుకు కదులుతుంది. ఫోటోలన్నీ అయ్యాక ఫిల్మును మళ్లీ డబ్బాలోకి వెనక్కి చుట్టాలి. చుట్టేటప్పుడు చివర్లో ఆపకపోతే నాలుక కూడా లోపలికి పోతుంది.

ఇది చెడిపోవడం కాదని ముందు తెలుసుకోవాలి. చాలా మోటారు కెమెరాలు కావాలనే పూర్తిగా లోపలికి చుట్టేస్తాయి. నాలుక బయట ఉంటే కొత్త రీలు, లోపల ఉంటే వాడిన రీలు అని ఒక గుర్తు. గుర్తు లేకపోతే ఒకే రీలును రెండుసార్లు కెమెరాలో వేసి, పెళ్లి ఫోటోల మీద తీర్థం ఫోటోలు తీసిన వాళ్లున్నారు. ఊరి స్టూడియోల్లో పాత ఫోటోగ్రాఫర్లు నాలుకను బయట ఉంచినా, వాడిన రీలుకు దాని కొన మడిచి పెట్టేవారు. అంతటి వాళ్లకు కూడా గుర్తు కావాలన్నమాట.

మరి లోపలికి పోయిన నాలుకను బయటికి తీయవలసిన అవసరం ఎప్పుడు వస్తుంది? మాకు రెండు సందర్భాల్లో వచ్చింది.

మొదటిది అన్నల రీళ్లు. 2003లో టెన్త్ చదివిన బ్యాచి అన్న ఒకరు మూడు రీళ్లు తెచ్చిచ్చారు. నాగార్జునసాగర్ ఎక్స్‌కర్షన్‌కు వెళ్లినప్పుడు తీసినవట. రీళ్లు కొనడానికి తలా కొంత వేసుకున్నారు. కెమెరా ఎవరిదో బంధువులది. తిరిగి వచ్చాక కడిగించడానికి, ప్రింట్లు వేయించడానికి మళ్లీ డబ్బు పోగుచేసే లోపల పబ్లిక్ పరీక్షలు వచ్చాయి, అవి కాగానే ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. రీళ్లు అన్న ట్రంకులో ఉండిపోయాయి. మూడింటిలో రెండింటికి నాలుక లోపలే ఉంది. ల్యాబుల్లోని మెషీన్లకు రీలు కడగాలంటే ముందు నాలుక బయటికి రావాలి, దాన్ని ఒక ప్లాస్టిక్ అట్టకు అంటించి మెషీనులోకి పంపుతారు. రోజుకు వందల రీళ్లు కడిగిన కాలంలో ప్రతి ల్యాబులో నాలుక లాగే పనిముట్టు ఉండేది. ఇప్పుడు జిల్లా కేంద్రంలో మేము అడిగిన చోట ఆ పనిముట్టూ లేదు, మెషీనూ లేదు. డబ్బా పగలగొట్టి తెమ్మన్నారు. మేము పగలగొట్టలేదు.

రెండోది మన హాస్టల్ కెమెరా. పూర్వ విద్యార్థి ఒకరు ఇచ్చిన పెంటాక్స్ కె1000 మన దగ్గరుంది. 1976 నుంచి 1997 దాకా తయారైన మోడల్ అది, బ్యాటరీ లేకపోయినా ఫోటో తీస్తుంది. ఆటల పోటీల నాడు పగటి వెలుతురుకు సరిపోయే 100 స్పీడు రీలు వేసి 14 ఫోటోలు తీశాం. సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమానికి 400 స్పీడు రీలు కావాలి. కనుక మొదటి రీలును మధ్యలో తీయాల్సి వచ్చింది. ఆ పని ఒప్పుకున్న తమ్ముడు ఉత్సాహం కొద్దీ హ్యాండిల్‌ను ఆపకుండా తిప్పేశాడు. ఇంకా 22 ఫోటోలు మిగిలి ఉన్న రీలు అది. ఈ రోజుల్లో ఒక రీలు ధర హాస్టల్ విద్యార్థికి నెలకు వచ్చే కాస్మెటిక్ ఛార్జీలతో అందేది కాదు. 22 ఫోటోలు వదిలేసుకోవడం మాకు కుదరని పని.

ఇక పద్ధతులకు వద్దాం. ఏ పద్ధతైనా ముందు చేయవలసిన పని ఒకటుంది. చెడిపోయిన రీలు ఒకటి సంపాదించి దాని మీద సాధన చేయండి. పాత స్టూడియోల్లో అడిగితే ఇస్తారు. ఆ రీలు నాలుకను పట్టుకొని కడ్డీని అటూ ఇటూ తిప్పి, ఎటు తిప్పితే ఫిల్ము లోపలికి పోతున్నదో, ఎటు తిప్పితే వదులవుతున్నదో చేతికి తెలిసేదాకా చూడండి. కడ్డీ పొడుచుకొచ్చిన చివరను పైకి పెట్టి చూస్తే, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పినప్పుడు ఫిల్ము లోపలికి చుట్టుకుంటుంది. ముల్లు తిరిగే దిశలో తిప్పితే చుట్టలు వదులై ఉబ్బి, డబ్బా లోపలి గోడకు అదుముకుంటాయి.

రెండో సంగతి చెవికి సంబంధించినది. నాలుక లోపలికి పోయిన రీలును చెవి దగ్గర పెట్టుకొని, చుట్టుకునే దిశలో మెల్లగా తిప్పండి. ప్రతి చుట్టుకూ ఒకసారి చిన్నగా 'టక్' మంటుంది. లోపల గోడను రాసుకుంటూ తిరుగుతున్న నాలుక కొన మూతి సందు దగ్గరికి వచ్చినప్పుడు స్ప్రింగులాగా ఎగిరి పడే చప్పుడు అది. అంటే ఆ క్షణంలో కొన మూతి దగ్గరే, వెల్వెట్‌కు అవతల కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే ఉంది. కంటికి కనిపించని కొన ఎక్కడుందో చెప్పేది ఆ శబ్దం ఒక్కటే. మన హాస్టల్లో సాయంత్రం ఆటల టైములో ఈ పని చేస్తే ఏమీ వినపడదు. స్టడీ అవర్లో, ట్యూటర్ సారు రౌండ్స్‌కు వచ్చి వెళ్లాక చేస్తే బాగా వినపడుతుంది.

ఈ పని కోసమే తయారుచేసిన పనిముట్టును పిక్కర్ అంటారు. అరచేతిలో పట్టేంత బల్లపరుపు ప్లాస్టిక్ ముక్క, దానిలో వెనక్కీ ముందుకీ జరిగే రెండు పలుచటి రేకులు. రేకులు రెండింటినీ వెనక్కి జరిపి, పిక్కర్ మొనను మూతిలోకి నిదానంగా తోయాలి. అది డబ్బా లోపలి వంపు వెంటే వంగి వెళ్లాలి, అడ్డంగా గుచ్చకూడదు. తర్వాత మొదటి రేకును ముందుకు తోసి, కడ్డీని చుట్టుకునే దిశలో మెల్లగా తిప్పుతూ చెవి పెట్టాలి. 'టక్' మనగానే ఆపాలి. ఇంకో సందేహ నివృత్తికి మరొక చుట్టు తిప్పి మళ్లీ విన్నా ఫర్వాలేదు. నాలుక కొన ఇప్పుడు మొదటి రేకు మీద పడి ఉంటుంది. రెండో రేకును తోస్తే కొన రెండింటి మధ్యా చిక్కుతుంది. కొన్ని రకాల్లో చిన్న పన్ను ఉండి ఫిల్ము చిల్లులో పడుతుంది. ఇక పిక్కర్‌ను తిన్నగా బయటికి లాగితే నాలుక వెంట వస్తుంది. రేకుల మీద 1, 2 అని అంకెలు వేసి ఉంటాయి, కంపెనీని బట్టి వరుసలో కొద్దిగా తేడా ఉండవచ్చు, దాని కాగితం చూసుకోండి. తమ్ముడు తిప్పేసిన రీలు మాకు మూడో ప్రయత్నంలో వచ్చింది. మొదటి రెండుసార్లు రాకపోతే కంగారు పడవలసింది లేదు, రేకులు వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టడమే.

పిక్కర్ లేనివాళ్లకు టేపు పద్ధతి ఉంది. పాత నెగెటివ్ ముక్క ఒకటి, పది పన్నెండు సెంటీమీటర్ల పొడవున్నది తీసుకోండి. దాని కొనలను కత్తెరతో గుండ్రంగా చేయండి, లేకపోతే వెల్వెట్‌లో తట్టుకుంటుంది. ఒక చివర రెండు సెంటీమీటర్ల మేర రెండువైపులా అంటుకునే టేపు, పలుచటిది, అంటించండి. టేపు అంటించిన వైపు డబ్బా మధ్యలోని కడ్డీ వైపు ఉండేలా పట్టుకొని మూతిలోకి తోయాలి. ముక్క సహజంగా వంగే వైపు కూడా అటే అయితే సులువుగా పోతుంది. తోసే ముందే చుట్టుకునే దిశలో తిప్పి, 'టక్' వినపడిన చోట ఆపి ఉంచుకోండి. ముక్క మూడు సెంటీమీటర్ల దాకా లోపలికి పోయాక కడ్డీని ఈసారి వదులయ్యే దిశలో తిప్పి బిగించి పట్టుకోండి. లోపల చుట్టలు ఉబ్బి టేపు మీద అదుముకుంటాయి. అర నిమిషం అలాగే ఉంచి, కడ్డీని వదిలి, ముక్కను మెల్లగా లాగండి. నాలుక దానికి అంటుకొని వస్తుంది. రాకపోతే టేపు మార్చి మళ్లీ. దుమ్ము అంటిన టేపు రెండోసారి పనిచేయదు. టేపు ఊడి లోపలే ఉండిపోతే పెద్ద తలనొప్పి కనుక, దాన్ని ముక్కకు గట్టిగా నొక్కి అంటించాకే లోపలికి పంపండి.

టేపు కూడా లేకపోతే నీళ్లు చాలు. ఫిల్ముకు ఒక వైపు ఉండే పూత జెలటిన్‌తో చేసింది, తడిస్తే జిగురవుతుంది. పాత ముక్క పూత వైపు తడిపి, నీరు కారకుండా విదిలించి, ఆ వైపు కడ్డీకి ఎదురుగా ఉండేలా లోపలికి పంపి, పైన చెప్పినట్టే అదిమి పట్టి రెండు నిమిషాలు ఆగాలి. పాత ఫోటోగ్రాఫర్లు నాలుకతో నాకి పంపేవారు. నాలుక కోసం నాలుక! ఇది మాకు ఒక రీలుకు పనిచేసింది, ఒక రీలుకు చేయలేదు. కడిగించని పాత రీళ్ల మీద తడి వాడడం మాకు అంతగా ఇష్టం లేదు. ఇరవై ఏళ్ల చుట్టలు ఒకదానికొకటి అంటుకునే ప్రమాదముంది. వేరే దారి లేనప్పుడే చేయండి.

ఏ పద్ధతిలోనైనా లాగేటప్పుడు తొందర వద్దు. వెల్వెట్‌లో ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా ఫిల్ము పొడవునా గీత పడుతుంది, కనుక ముందే మూతిని మెత్తని బ్రష్షుతో తుడవండి. పొడి వాతావరణంలో విసురుగా లాగితే స్థిర విద్యుత్తు పుట్టి ఫిల్ము మీద మెరుపు తీగల్లాంటి మచ్చలు పడతాయి. చలికాలం స్వెట్టరు విప్పినప్పుడు చిటపటమనే రకం, కాకపోతే ఇక్కడ ఆ మెరుపు ఫోటోలో మిగిలిపోతుంది.

ఎంత బయటికి లాగవచ్చు అని చాలామంది భయపడుతూ అడిగారు. ఐదారు సెంటీమీటర్లు బయటికి వస్తే ఏ నష్టమూ లేదు. కెమెరాలో రీలు వేసేటప్పుడు మూత తెరిచే ఉంటుంది కాబట్టి ఆ భాగానికి అప్పుడే వెలుతురు తగిలి ఉంటుంది. మొదటి ఫోటో దానికి చాలా లోపల మొదలవుతుంది. పైన గుణకారంలో మిగిలింది అన్నామే, ఆ మిగిలినదాంట్లో ఒక భాగం ఇదే. అయినా ఎండలో కాకుండా నీడలో చేయండి. లాగడం ఐదారు సెంటీమీటర్లకు మించవద్దు.

ఏదీ పనిచేయకపోతే ఆఖరి మార్గం డబ్బా తెరవడమే, కానీ పూర్తి చీకట్లో. చీకటి అంటే లైటు ఆర్పిన గది కాదు. అందులో పది నిమిషాలు కూర్చున్నాక కూడా మీ చేయి మీకు కనపడకూడదు. మేము రాత్రి పది దాటాక ట్రంకు రూములో కిటికీకి రెండు దుప్పట్లు, తలుపు కింది సందుకు ఒక తువాలు పెట్టి పరీక్ష చేశాం. వరండా బల్బు వెలుతురు తలుపు గడియ కంతలోంచి కూడా వస్తుందని ఆ రాత్రే తెలిసింది. కంతకు నల్ల టేపు అంటించాం. కూల్‌డ్రింకు సీసా మూత తీసే ఓపెనరుతో డబ్బా ఒక చివరి మూతను ఊడదీయవచ్చు. బయటికి వచ్చిన ఫిల్మును నేరుగా కడిగే ట్యాంకులోకి ఎక్కించాలి, లేదా వెలుతురు చొరని నల్ల కవరులో చుట్టి డబ్బాలో పెట్టి ల్యాబుకు పంపాలి. మన 2003 రీళ్లలో ఒకదానికి ఈ మార్గమే పట్టాల్సి వచ్చింది. దాని నాలుక కొన లోపల మడత పడి ఉంది. టేపూ పట్టలేదు, పిక్కరూ పట్టలేదు. ఎంత తిప్పినా 'టక్' అనే చప్పుడు రాకపోతే కొన మడత పడిందనో, చిరిగిందనో అనుమానించవచ్చు.

నాలుక బయటికి వచ్చాక ఏం చేయాలన్నది రీలును బట్టి ఉంటుంది. సగం వాడిన రీలైతే నాలుక మీద పెన్నుతో ఎన్ని ఫోటోలు అయ్యాయో వెంటనే రాయండి. మేము 14 అని రాశాం. మళ్లీ అదే కెమెరాలో వేయడం మంచిది, వేరే కెమెరాలో ఫోటోల స్థానం కొంచెం అటూ ఇటూ అవుతుంది. లెన్సు మూత పెట్టి, షట్టరు వేగం ఎక్కువలో, అపెర్చరు చిన్నదానిలో పెట్టి, ఉత్తుత్తినే నొక్కుతూ లెక్క 14 దాటించాలి. అక్కడే ఆగకుండా ఇంకొకటో రెండో వదిలేయాలి. రీలు వేసిన ప్రతిసారీ నాలుక ఒకే చోట పట్టుకోదు కాబట్టి ఆ సందు కావాలి. ఒక ఫోటో పోతే పోయింది, ఒకదాని మీద ఒకటి పడితే రెండూ పోతాయి. మన రీలులో 22కు 20 దక్కాయి. ఈ సంచికలో వేసిన కబడ్డీ ఫోటోలు వాటిలోవే.

పాత రీలైతే ముందు డబ్బా మీది అక్షరాలు చదవండి. 'సి-41' అని ఉంటే అది మామూలు రంగుల నెగెటివ్, 1972లో వచ్చిన పద్ధతి, హైదరాబాదు వంటి నగరాల్లో ఇప్పటికీ కడుగుతారు. నలుపు తెలుపు రీలైతే ఇంకా సులువు, ఇంట్లోనే కడగవచ్చు, కాలానికి తట్టుకునేది కూడా అదే. ఊటీలో 1960లో ఏర్పడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' రీళ్లు కొందరి ఇళ్లలో ఇంకా కనిపిస్తాయి. ఆ ఫ్యాక్టరీ మూతపడింది, రీళ్లను కడగడానికి మాత్రం అడ్డేమీ లేదు. 'కొడాక్రోమ్' అని ఉంటే మాత్రం ఆ రంగులు ఇక రావు. దాన్ని కడిగే ఆఖరి ల్యాబు, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఉండేది, 2010 డిసెంబరు 30తో ఆ రీళ్లు తీసుకోవడం ఆపేసింది. మన హాస్టల్ వాళ్ల ట్రంకుల్లో అంత ఖరీదైన రీలు ఉంటుందని మేము అనుకోవడం లేదు.

2003 రీళ్లు హైదరాబాదు నుంచి వచ్చేటప్పటికి మూడు వారాలు పట్టింది. ఇరవై ఏళ్లు వేడిలో ఉన్న ఫిల్ము కదా, రంగులు మారిపోయాయి, ఒకటి దాదాపు పూర్తిగా మసకబారింది. మిగతా రెండింటిలో 31 ఫోటోలు గుర్తుపట్టేలా వచ్చాయి. డ్యాము ముందు వరుసగా నిలబడినవి ఎక్కువ. పాత పెంకుల వంటశాల, పులిహోర గంప పట్టుకున్న కామాటి, బస్సు మెట్ల మీద వార్డెన్ సారు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది మేమే మొదలు, మా నాన్నకు పెళ్లి ఫోటో కూడా లేదు. కాబట్టి ఆ 31లో ఎవరిని చూసినా మాకు కొంచెం మా ఇంటివాళ్లను చూసినట్టే అనిపించింది.

ఆ బ్యాచిలో ఒక అన్న ఇంటర్ చదువుతూ 2005లో జ్వరంతో చనిపోయాడు. వాళ్లింట్లో ఉన్నది హాల్‌టికెట్టు మీది ఫోటో ఒక్కటే, అది కూడా సగం స్టాంపు కింద. ఈ రీళ్లలో అతనివి నాలుగు ఉన్నాయి. ఒకదానిలో ఒక్కడే, నీలం చొక్కాతో, నవ్వుతూ. దాన్ని పెద్దగా ప్రింటు వేయించి, రీళ్లు ఇచ్చిన అన్నతో కలిసి వాళ్ల ఊరికి తీసుకెళ్లాం. వాళ్లమ్మ చాలాసేపు చూసి, "ఈ అంగీ వాడిది కాదు బిడ్డా, వాడికి ఇట్లాంటిది లేదు" అన్నది. అన్న కాసేపు మాట్లాడలేదు. "నాదేనమ్మా, ఫోటో కోసం అడిగి తొడుక్కున్నడు" అన్నాడు తర్వాత. ఆమె అన్నను పక్కన కూర్చోబెట్టుకొని, ఆ రోజు ఇంకా ఏమేం చేశారో చెప్పమని అడిగింది. చీకటి పడ్డాక గానీ మేము బస్సెక్కలేదు.

రీళ్లు ఉన్న అన్నలు వాటిని ఎండకు, తేమకు దూరంగా ఉంచండి. మూత గట్టిగా ఉన్న డబ్బీలో పెట్టి ఇంట్లో చల్లటి చోట ఉంచితే చాలు. కెమెరాలోనే రీలు ఉండిపోయిందన్న అనుమానం ఉంటే వెనక మూత తెరిచి చూడకండి. వెనక్కి చుట్టే హ్యాండిల్‌ను కొద్దిగా తిప్పి చూడండి, బిగువు తగిలితే లోపల రీలు ఉన్నట్టే. చేతితో చుట్టే కెమెరా అయితే కింద ఉండే బొత్తం నొక్కి నిదానంగా చుట్టండి. ఒకచోట చిన్న పట్టు తగిలి, ఆ వెంటనే హ్యాండిల్ తేలికవుతుంది. అక్కడే ఆపితే నాలుక బయటే ఉంటుంది, ఈ వ్యాసంతో పని ఉండదు. కొన మడవడం మాత్రం మరువకండి.

మేము కొన్న పిక్కర్, సాధన కోసం రెండు చెడిపోయిన రీళ్లు, టేపు, బ్రష్షు కలిపి ఒక టిఫిన్ బాక్సులో పెట్టి హాస్టల్ లైబ్రరీ బీరువా రెండో అరలో ఉంచాం. తాళం లైబ్రరీ లీడరు దగ్గర ఉంటుంది. తీసుకెళ్లేవాళ్లు రిజిస్టరులో పేరు, బ్యాచి రాసి, వారంలోగా తిరిగి ఇవ్వాలి. రీళ్లు పోస్టులో పంపేవాళ్లు డబ్బా మీద ఏ సంవత్సరం, ఏ సందర్భం అన్నది గుర్తున్నంతవరకు ఒక చీటీ మీద రాసి రబ్బరు బ్యాండుతో కట్టి పంపండి. డబ్బా మీద నేరుగా రాస్తే సిరా చెరిగిపోతోంది.